మా చిన్నోడి చీమ వేషం

ఆదివారం సాయంత్రం తిరుపతి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, ఈ రోజు ఒక పిల్లోడు నా చెయ్యి పట్టుకుని మాతో పాటు కూర్చున్యాడుమా. మూడు వారాల నుంచి గోడ పక్కనే నిలబడి చూస్తా ఉన్యాడు. ఈ రోజు వాడే వచ్చినాడు" అని ఒకటే సంబరం. నేను ఒక చేత్తో ఉగ్గాని కలుపుతూ, "మంచిదిలేమా" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మనసులో ఏదో కలుక్కుమంది.

ఎందుకంటే అలాంటి పిల్లాడు మా ఇంట్లోనే ఉన్నాడు. తన సొంత తమ్ముడు. వాడి చెయ్యి పట్టుకుని ఆడించడం నేర్చుకోవడానికి తనకు 20 ఏళ్ళు రావాల్సి వచ్చింది, తిరుపతి దాకా పోవాల్సి వచ్చింది.

అమ్మాయిని తప్పు పట్టడం లేదు. ఆ తప్పు నాదే. "నువ్వు చదువుకోమా, వాణ్ణి నేను చూసుకుంటా" అని పదేళ్ళుగా తలుపు దగ్గరికి వేసింది నేనే. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉన్న ఇంట్లో మనం చేసే పని ఇదే కదా. ఒక బిడ్డ బరువు ఇంకో బిడ్డ మీద పడకూడదని మనమే మధ్యలో గోడై నిలబడతాం. ఆ గోడ వల్ల బరువు పడకపోవచ్చు. ఆట కూడా అటు నుంచి ఇటు రాదు.

మా చిన్నోడికి 12 ఏళ్ళు. సదరం సర్టిఫికెట్లో శాతం రాసిచ్చారు గానీ, ఆ అంకె చూస్తే వాడు ఎట్లాంటివాడో మీకు తెలియదు. నేను చెప్తాను. మాటలు ఒక పది, పదిహేను వస్తాయి. చీనీ తోట అంటే ప్రాణం. వాళ్ళ నాన్న బండి శబ్దం వీధి మొగదలలోనే పసిగడతాడు. కొత్తవాళ్ళు దగ్గరికొస్తే గిల్లుతాడు. కోపమొచ్చినా గిల్లుతాడు, ప్రేమొచ్చినా గిల్లుతాడు. బడి నుంచి నాకు వచ్చే కబుర్లలో సగం ఈ గిల్లుడు గురించే.

నాలుగేళ్ళ కిందట వాడు చదివే బడిలో వార్షికోత్సవం జరిగింది. క్లాసులో పిల్లలందరికీ డాన్సు ఉంది. "వాణ్ణి ఆ రోజు మీ దగ్గరే కూర్చోబెట్టుకోండి మేడం, మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతారు" అన్నారు. సరేనని కొత్త చొక్కా తొడిగి ముందు వరసలో కూర్చోబెట్టుకున్నాను. పాట మొదలైంది. వీడు లేచి నిలబడ్డాడు. స్టేజీ మీద పిల్లలు చేతులు ఎట్లా తిప్పుతున్నారో, కింద వీడూ అట్లాగే తిప్పుతున్నాడు. పది రోజులు కిటికీలోంచి ప్రాక్టీసు చూసి నేర్చుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. వెనక ఎవరో "కూర్చోబెట్టండమ్మా, కనపడటం లేదు" అన్నారు. నేను చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాను.

బడివాళ్ళు అన్న మాట మరిచిపోయాను. నేను చెయ్యి పట్టి లాగిన సంగతి మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

ఇక మా అమ్మాయి సంగతి. డిగ్రీలో చేరగానే ఎన్.ఎస్.ఎస్.లో పేరిచ్చింది. తను, స్నేహితులు కలిసి పన్నెండు మంది. ఊళ్ళో ఒక ప్రత్యేక పాఠశాలలో పిల్లలకు నాటకం వేద్దామనుకున్నారు. శుభ్రత మీద అరగంట నాటకం రాసుకున్నారు. రంగులు, కిరీటాలు, డప్పులు, మైకు అన్నీ సిద్ధం చేసుకున్నారు. పోయారు, వేశారు. ఐదు నిమిషాల్లో సగం మంది పిల్లలు చెవులు మూసుకున్నారట. ఒక పాప ఏడ్చింది. ఒక అబ్బాయి స్టేజీ ఎక్కి రాక్షసుడి కోరలు పీకేశాడు. మిగతావాళ్ళు కిటికీలోంచి బయటి కుక్కను చూస్తున్నారు. అయినా వీళ్ళు ఆపకుండా ఆఖరి డైలాగు దాకా చెప్పేశారు.

అయిపోయాక అక్కడి టీచరమ్మ ఒక మాట అన్నారట. "మీరు బాగా వేసినారు నాయనా. కానీ ఇది మీ నాటకం. ఇందులో మా పిల్లలకి వేషాలేవీ?"

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ రోజు ఇంత రాస్తున్నాను. మన పిల్లల కోసం నాటకం వేసేవాళ్ళు అప్పుడప్పుడూ వస్తారు. స్వాతంత్ర్య దినోత్సవానికి వస్తారు, డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవానికి వస్తారు. బిస్కెట్లు, పండ్లు పంచుతారు. మంచి మనసుతోనే వస్తారు, కాదనను. కానీ మన పిల్లలు ఎప్పుడూ చూసేవాళ్ళే, ఎప్పుడూ తీసుకునేవాళ్ళే. వాళ్ళతో కలిసి నాటకం ఆడేవాళ్ళు కావాలి మనకు.

ఆ పన్నెండు మందిని మెచ్చుకోవాల్సింది ఎక్కడంటే, ఆ మాటకు చిన్నబుచ్చుకుని మానేయలేదు. రెండు శనివారాలు ఆ టీచరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఏ పిల్లవాడికి ఏ శబ్దం పడదు, ఎవరికి మూర్ఛలు వస్తాయి, ఎవరిని తాకకూడదు, ఎవరు చెయ్యి పట్టుకుంటేనే కుదురుగా ఉంటారు, ఇవన్నీ తెలుసుకున్నారు. తర్వాత మైకు మానేశారు, రంగులు మానేశారు. ఒక పిల్లవాడికి ఒక విద్యార్థి జోడీ, ప్రతి వారం అదే జోడీ. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ప్రతిసారీ ఒకే చప్పట్లతో మొదలు, ఒకే చప్పట్లతో ముగింపు. కథలో ఏరు వస్తే నీలం రంగు దుప్పటి పరిచి ఊపుతారు, పళ్ళెంలో నీళ్ళు పెడతారు. పిల్లలు ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తారు. కథలో ఏం జరగబోతుందో బొమ్మల అట్టలతో ముందే చూపిస్తారు. రానని మొండికేసినవాళ్ళకు మూలన చాప ఉంటుంది. అక్కడ కూర్చుని చూడొచ్చు, పడుకోవచ్చు. ఎవరూ బలవంతం చేయరు. మూడు వారాలు గోడ పక్కన నిలబడిన పిల్లాడు నాలుగో వారం తనంతట తనే ఎందుకు వచ్చాడంటే, మూడు వారాలూ వాణ్ణి ఎవరూ లాగలేదు కాబట్టి.

ఇదంతా వింటుంటే నాకొక సందేహం వచ్చింది. ఆట సరే, దీనివల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని. మీకూ వచ్చే ఉంటుంది. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నాటకం గురించి నాలుగు ముక్కలు పరీక్షల్లో రాసినదాన్నే. కానీ ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. అమ్మాయి పంపినవి చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను.

ఎక్కువగా నచ్చింది అమెరికాలో నాష్‌విల్ ఊళ్ళోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం సంగతి. అక్కడ బ్లైత్ కార్బెట్ అనే ఆవిడ 'సెన్స్ థియేటర్' పేరుతో ఆటిజం ఉన్న పిల్లలతో నాటకాలు ఆడిస్తారు. ఒక్కో పిల్లవాడికీ, ముందే శిక్షణ ఇచ్చిన ఈడు పిల్లలను జోడీగా పెడతారు. పాఠం చెప్పే పెద్దవాళ్ళకంటే తోటివాళ్ళ దగ్గరే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారని వాళ్ళ ఆలోచన. 8 నుంచి 14 ఏళ్ళ వయసున్న 30 మంది పిల్లలతో చేసిన పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. పదిసార్లు, ఒక్కోసారి 4 గంటలు, చివర ఒక నాటకం. అందులో పాల్గొన్న పిల్లలు మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకోవడంలో, తోటివాళ్ళతో కలిసి ఆడటంలో మెరుగయ్యారు. అదే దేశంలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో నాటకం చదివే విద్యార్థులు ఇంకో పద్ధతి నేర్చుకుని పిల్లల దగ్గరికి వెళ్ళారు. అది కెల్లీ హంటర్ అనే బ్రిటిష్ నటి తయారుచేసిన పద్ధతి. షేక్‌స్పియర్ నాటకాలను చిన్న చిన్న ఆటలుగా విడగొడతారు. గుండ్రంగా కూర్చుని, గుండె మీద చెయ్యేసి, గుండె కొట్టుకునే లయలో తడుతూ ఒకరినొకరు పలకరించుకోవడంతో మొదలవుతుంది.

అంత దూరం కూడా అక్కర్లేదు. పక్కనే తమిళనాట, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో నాటకశాస్త్రం చెప్పిన పరశురామ్ రామమూర్తి గారు 'వేల్వి' అనే సంస్థ పెట్టి, ఆటిజం ఉన్న పిల్లలతో నాటకం, ముసుగు బొమ్మలతో పని చేశారు. ముఖంలోకి చూడలేని పిల్లలకు నవ్వు ముసుగు, ఏడుపు ముసుగు చూడటం తేలిక. ముసుగు ముఖంలా గబుక్కున మారిపోదు కదా.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఇది. నాటకంలో మన పిల్లలకు కష్టమైనవన్నీ ఉన్నాయి. ఎదుటివాడి ముఖం చూడాలి, వాడు ఏమన్నాడో వినాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి, వచ్చాక చెప్పాలి. బయటి లోకంలో ఇవి చేయడం భయం, ఎందుకంటే తర్వాత ఏం జరుగుతుందో తెలియదు. నాటకంలో తెలుసు. నిన్న ఏం జరిగిందో ఈ రోజూ అదే జరుగుతుంది. పులి వస్తుందని ముందే తెలిస్తే పులి భయం ఉండదు. అందుకే అదే కథను ఇరవై సార్లు ఆడినా మన పిల్లలకు విసుగు రాదు. విసుగు మనకే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. నాటకం మందు కాదు. మూర్ఛ మాత్రలు ఆపకూడదు, ఫిజియోథెరపీ ఆపకూడదు, మాటల శిక్షణ ఆపకూడదు. నాటకంతో మాటలొస్తాయని, మామూలైపోతారని ఎవరైనా చెప్తే నమ్మకండి. మనం నాటకం అడిగేది బిడ్డను మార్చడానికి కాదు. బిడ్డకు నలుగురిలో ఒక చోటు ఉండటానికి.

పోయిన దసరాకి అమ్మాయి ఇంటికొచ్చింది. మా ఆడబిడ్డ పిల్లలూ వచ్చారు. రెండో రోజు పొద్దున పెరట్లో వేపచెట్టు కింద అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి "ఏడు చేపల కథ ఆడదాం" అంది. ఆ కథ మనందరికీ తెలిసిందే. ఎండని చేపను అడిగితే గడ్డి మీద చెప్తుంది, గడ్డి ఆవు మీద, ఆవు కాపరి మీద, అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ ఆఖరున పసిబిడ్డను కుట్టిన చీమ దగ్గరికొచ్చి ఆగుతుంది. ప్రతివాళ్ళకూ ఒకే ప్రశ్న, ఒకే రకం జవాబు. మన పిల్లల కోసమే పుట్టిన కథ అనిపించింది నాకు ఆ రోజు.

పెద్దమ్మాయి ఆవు, ఇంకొకడు కాపరి. బువ్వ పెట్టని అవ్వ వేషం మా అత్తకే ఇచ్చారు. మరి చిన్నోడికి? అమ్మాయి వాడి ముందు కూర్చుని, రెండు వేళ్ళు నెత్తి మీద మీసాల్లా పెట్టి, "నువ్వు చీమ" అంది. చీమ పని ఏంది? కుట్టడం. అంటే గిల్లడం.

మా అత్త ఊరుకోలేదు. "వానికి గిల్లేది మానిపించలేక మీ యమ్మ చస్తాంటే, నువ్వు ఇంకా నేర్పిస్తాండావా?" అంది.

"నేర్పిచ్చేది గిల్లేది కాదు జేజీ. ఆగేది" అంది అమ్మాయి.

అదే జరిగింది. మొదటిసారి చేప దగ్గరే లేచి గిల్లేశాడు. "ఇంకా చీమ రాలేదు" అని నవ్వి మళ్ళీ మొదలుపెట్టారు. రెండోసారి ఆవు దాకా ఆగాడు. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టలేదు. తప్పు చేస్తే కథ మళ్ళీ మొదటికి పోతుంది, అంతే. మూడో రోజుకి రెండు వేళ్ళు నెత్తిన పెట్టుకుని చేప, గడ్డి, ఆవు, కాపరి, అవ్వ, అందరూ అయ్యేదాకా వాళ్ళ ముఖాల వంక ఒక్కొక్కరినే చూస్తూ కూర్చున్నాడు. తన వంతు రాగానే పసిబిడ్డ వేషం వేసిన మా ఆడబిడ్డ కొడుకు చెయ్యి మెల్లగా, ఎంత మెల్లగా అంటే, ముట్టుకున్నట్టుగా గిల్లాడు. వాడు "అబ్బా" అని పడిపోయాడు. అందరూ చప్పట్లు. మా చిన్నోడు మా అత్త వైపు తిరిగి, "చీమ" అన్నాడు. అది వాడి కొత్త మాట.

ఇప్పుడు గిల్లడం మానేశాడా అంటే, లేదు. తగ్గింది. గిల్లబోయినప్పుడు "ఇంకా చీమ రాలేదు" అంటే ఒక్కోసారి ఆగుతాడు, ఒక్కోసారి ఆగడు. కానీ పన్నెండేళ్ళలో మొదటిసారి, వాడిలో అందరూ వద్దన్నదానికే ఒక వేషం దొరికింది.

ఆ మూడు రోజుల్లో నేను నేర్చుకున్నది ఇంకోటి ఉంది. మొదటి రోజు నేను వాడి వెనకాలే కూర్చున్నాను. వంతు రాకముందే "ఇప్పుడు కాదు నాయనా" అంటాను, వచ్చాక "పో పో" అని వీపు తడతాను, వాడి బదులు నేనే మాట చెప్పేస్తాను. అమ్మాయి రెండుసార్లు చూసి, "అమ్మా, నువ్వు లోపలికి పోయి టీ పెట్టుకో" అంది. కోపమొచ్చింది. లోపలికి పోయాను. కిటికీలోంచి చూశాను. నేను లేకపోతేనే వాడు వాళ్ళ ముఖాలు చూస్తున్నాడు. నేనుంటే నా ముఖమే చూస్తున్నాడు. అమ్మలం, మనకిది మింగుడు పడదు. కానీ వాడి మాటలన్నీ మనమే చెప్పేస్తుంటే వాడికి చెప్పే పని ఏముంటుంది?

ఆ రోజు నేను ఆ టీ వేడివేడిగా, కూర్చుని తాగాను. ఎన్నాళ్ళయిందో అట్లా తాగి. వారానికి ఒక గంట ఎవరో నమ్మకమైనవాళ్ళు మన బిడ్డతో ఆడుతున్నారంటే, ఆ గంట మనకు కూడా దొరికినట్టే. దీన్ని అడగడానికి మనం సిగ్గుపడతాం. పడక్కర్లేదు.

ఇప్పుడు ఈ నాటకంలో నచ్చనిది కూడా చెప్పాలి. మొన్న పరీక్షల ముందు అమ్మాయివాళ్ళు ఆ బడికి పోవడం ఆపేశారు. చదువుకోవాలి, నిజమే. కానీ పిల్లలకు చెప్పలేదు. రెండు ఆదివారాలయ్యాక టీచరమ్మ ఫోన్ చేశారట. గోడ పక్కన నిలబడే ఆ పిల్లాడు ఇప్పుడు గేటు పక్కన నిలబడుతున్నాడని. ఆదివారం పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టించుకుని నిలబడుతున్నాడట.

అమ్మాయి ఫోన్లో ఏడ్చింది. నేను ఓదార్చలేదు. "మూడు వారాలు గోడ దగ్గర నిలబడి నిన్ను నమ్మినాడు. చెప్పకుండా మానేస్తే వాడు ఇంకెవర్నీ నమ్మడు. ఒక గంట చదువు పోతే పోనీ, పోయి చెప్పిరా" అన్నాను. పోయారు. ఈసారి ఊరికే పోలేదు. క్యాలెండరు అట్ట ఒకటి చేసుకుని పోయారు. ఇంక మూడు ఆదివారాలు అని మూడు గళ్ళు గీసి, ప్రతి వారం ఒకటి కొట్టేశారు. జూనియర్లను వెంట తీసుకుపోయి, ఆ మూడు వారాలూ పాత అక్క, కొత్త అక్క ఇద్దరూ కలిసి ఆడించారు. ఆఖరి రోజు చేతిలో చెయ్యి పెట్టి అప్పగించారు. పెళ్ళిలో అప్పగింతలు ఎందుకు పెట్టారో నాకు అప్పుడు ఇంకోసారి అర్థమైంది. చెప్పి వెళ్ళడం కూడా ఒక పద్ధతే. అది నాటకం కంటే ముందు నేర్చుకోవాలి.

అందుకే విద్యార్థులు రావాలని నేను ఎంత కోరుకుంటున్నానో, ఒక్క రోజుకు మాత్రం రావద్దని అంతే కోరుకుంటున్నాను. ఫోటో దిగి, సర్టిఫికెట్ తీసుకుని పోయేవాళ్ళ వల్ల మన పిల్లలకు కలిగే మేలు తక్కువ. ఎదురుచూపు మాత్రం మిగులుతుంది.

నలుగురూ నవ్వుతారేమోనన్న భయం మనకు ఉంటుంది. నాకూ ఉంది. కానీ నవ్వేవాళ్ళ కోసం బిడ్డను దాచిపెట్టడం కంటే, చూసే పద్ధతి మార్చడం మేలు. న్యూయార్క్‌లో 2011లో 'లయన్ కింగ్' నాటకాన్ని ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక ఆట వేశారు. పెద్ద శబ్దాలు, కళ్ళు జిగేల్మనే దీపాలు తగ్గించారు. పిల్లలు లేచి తిరిగినా, అరిచినా ఎవరూ ఏమీ అనరు. మన బడి వార్షికోత్సవంలో మైకు సౌండు కాస్త తగ్గించడానికి న్యూయార్క్ దాకా పోవాలా?

అసలు మన కడప జిల్లావాళ్ళకు నాటకం కొత్తా? మా వేంపల్లె పక్క మండలం చక్రాయపేటలోనే ఉంది సురభి గ్రామం. 1885లో ఆ ఊళ్ళో 'కీచకవధ' నాటకంతోనే సురభి నాటక సమాజం మొదలైంది. వనారస గోవిందరావు గారి కుటుంబం అంతకుముందు తోలుబొమ్మలు ఆడించేవాళ్ళు. ఆ సురభి కుటుంబాల్లో ఇంటిల్లిపాదీ నాటకంలో ఉండేవాళ్ళు. చంకలో బిడ్డ దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా ఎవరి పని వాళ్ళకుండేది. చిన్న కృష్ణుడు ఒకరు, రాణి ఒకరు, తెర లాగేవాళ్ళు ఒకరు, దీపం పట్టేవాళ్ళు ఒకరు. ఇంట్లో ఉన్న మనిషికి నాటకంలో చోటు ఉండాల్సిందే. నేను మన బడుల నుంచి అడిగేది ఆ సురభి పద్ధతే. మాటలు రాని పిల్లవాడు గంట కొట్టగలడు. నడవలేని పాప కుర్చీలో కూర్చుని రాణి వేషం వేయగలదు. రాణులు కూర్చునే ఉంటారు కదా.

విద్యార్థులు లేరా అంటే, మా మండలంలోనే ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి అయిపోగానే పల్లెల నుంచి వచ్చి ఆరేళ్ళు ఇక్కడే ఉండి చదివే పిల్లలు వేలమంది. చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలు ఉండనే ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వాటిలో శిక్షణ పొందిన టీచర్లుంటారు. ఇటు పిల్లలున్నారు, అటు విద్యార్థులున్నారు, మధ్యలో దారి చూపే టీచర్లున్నారు. కలపాల్సిందే మిగిలింది.

సమయం ఎక్కడిదంటారా? ఎన్.ఎస్.ఎస్. 1969లో గాంధీగారి శతజయంతి ఏడాది పెట్టారు. దాని మాట "నేను కాదు, నువ్వు" అనే. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. నాష్‌విల్ పిల్లలకు నాటకం ఆడించింది మొత్తం 40 గంటలు. అంటే ఏడాది గంటల్లో మూడో వంతు. మిగతా 80 గంటలు మొక్కలు నాటండి, రోడ్లు ఊడ్వండి, ఎవరొద్దన్నారు?

ఇది దయ కూడా కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కని చెప్పింది. అదే చట్టంలో 29వ సెక్షన్ కళలు, వినోదం, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు గురించే. పెన్షన్ గురించి మనకు తెలుసు, బస్ పాస్ గురించి తెలుసు. వేషం కూడా హక్కేనని మనకెవరూ చెప్పలేదు.

కాబట్టి అమ్మలుగా మనం అడగాల్సినవి నాలుగే. వచ్చే విద్యార్థులు ముందు టీచరు దగ్గర నేర్చుకుని రావాలి. ఒక పిల్లవాడికి ఒకరే జోడీగా, కనీసం పది వారాలు రావాలి. మనల్ని అడగకుండా ఫోటోలు పెట్టకూడదు. ఆపేముందు పిల్లలకు చెప్పి, తర్వాతివాళ్ళకు అప్పగించి పోవాలి. ఇక మన వంతు ఒకటుంది. ఆ గంట సేపు మనం పక్కకు తప్పుకోవాలి.

వచ్చే వార్షికోత్సవానికి నేను బడికి పోయి అడగబోతున్నాను. వాడికి పాట మధ్యలో చోటు ఇవ్వక్కర్లేదు. చివర్లో ఒక్క నిమిషం, ఒక చిన్న వేషం చాలు. కాదంటే మళ్ళీ అడుగుతాను.

నిన్న పొద్దున వంటింట్లో దోసె పోస్తున్నాను. కొంగు ఎవరో లాగినట్టయితే తిరిగి చూశాను. చిన్నోడు రెండు వేళ్ళు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గిల్లలేదు. నా ముఖంలోకి చూస్తూ ఆగాడు. వేపచెట్టు కింద అందరూ అడిగినట్టు నేనూ అడగాలని వాడి ఎదురుచూపు. స్టవ్ ఆపాను. కింద కూర్చుని చేప దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పెనం మీద దోసె మాడిపోయింది.